ఊదారంగు పెట్రోలు

జూలై 18, గురువారం

నా మొగుడు తవిన్ గుండు కొట్టించుకుని, కాషాయం కట్టుకుని గుళ్ళో కూర్చున్నాడు. ఈ వానాకాలం మూడు నెలలూ భిక్షువుగా ఉంటాడట. తల్లి జబ్బు తగ్గాలని మొక్కు. పుణ్యం ఆయన సంపాదిస్తాడు. ఆ తల్లిని మంగళవారం, శుక్రవారం పాక్‌నామ్‌పో ఆసుపత్రికి తీసుకెళ్ళి, యంత్రానికి కట్టించి, రక్తం శుభ్రం చేయించి తీసుకొచ్చే పని మాత్రం నాది. మా ఊరు చుమ్‌సేంగ్ బజారంతా "తవిన్ ఎంత మంచి కొడుకమ్మా" అంటోంది. ఉరై ఎంత మంచి కోడలో అని ఒక్క నోరు అనదే! నాకేం, పొగడ్తలు అక్కర్లేదు. ఊరికే రాస్తున్నాను.

ఆయన్ని నాలుగు దులపడానికి కూడా లేదు. కాషాయం కట్టాక పెళ్ళాం సైతం చేతులు జోడించాల్సిందే. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలై 21, ఆదివారం

మా మరిది దమ్రోంగ్‌కి బుద్ధి ఎప్పుడొస్తుందో ఆ బుద్ధుడికే తెలియాలి. పొద్దున లేచి చూస్తే మా కారు వెనకద్దం మీద పెద్ద కాగితం అంటించి ఉంది. "ఈ కారు ఊదారంగు" అని!

మా కారు తెల్లది. కొన్నప్పుడూ తెల్లదే, ఇప్పుడు తుప్పు పట్టిన చోట తప్ప తెల్లదే. కానీ అత్తమ్మ శనివారం పుట్టింది, శనివారానికి ఊదారంగు కలిసొస్తుంది, కారుకి రంగు మార్పించే స్తోమత లేదు కాబట్టి కాగితం అంటిస్తే గ్రహాలు చదువుకుని సర్దుకుపోతాయట. సరే, మా వీధిలో ఎర్ర కారు మీద "ఈ కారు ఆకుపచ్చ" అని ఉంది, నలుపు దాని మీద "ఈ కారు పసుపు" అని ఉంది. నేనెప్పుడైనా ఎవర్నైనా ఏమైనా అన్నానా? లేదు. కాగితం వరకూ నేనూ ఊరుకున్నాను.

అన్నాల దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"వదినా, జోస్యం చెప్పే ఆవిడ ఇంకోమాట చెప్పింది. బయట ఊదా ఉంటే చాలదట, లోపలికి పోయేది కూడా ఊదా అయితే అమ్మకి తిరుగుండదట. బంకులో ఊదారంగు గొట్టం ఉంది కదా, ఇకనుంచి అదే కొట్టిద్దాం. చవక కూడాను."

"అదేమిటో తెలుసా నీకు? నూటికి ఎనభై అయిదు పాళ్ళు చెరకు సారా. అది తాగి తట్టుకోడానికి మన కారేమన్నా నువ్వా?"

అత్తమ్మ నవ్వింది. వాడు నవ్వలేదు.

"ఊళ్ళో అందరూ కొట్టించుకుంటున్నారు వదినా."

"వాళ్ళవి దానికోసమే చేసిన కొత్త బళ్ళు. మనది కార్బురేటర్ బండి, ముసలిది. పసుపు గొట్టం నుంచి వచ్చే సారా కలపని పెట్రోలు తప్ప ఇంకోటి ముట్టకూడదు. ఊదాది పోశామంటే రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు అడుగున ఇన్నేళ్ళ మడ్డి కదిలొచ్చి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. ఓ రోజు నడిరోడ్డు మీద ఆగుతుంది. అప్పుడు మీ జోస్యం ఆవిడని తోయమను!"

పెళ్ళికి ముందు విడిభాగాల కొట్లో పనిచేసినదాన్ని నేను. ఈ ఇంట్లో ఆ మాట ఎవరికీ గుర్తుండదు. అత్తమ్మ ఒక్కతే శ్రద్ధగా విన్నది. "ఎన్నాళ్ళకి ఆగుతుంది?" అని కూడా అడిగింది. ఎంతలే, రెండు మూడుసార్లు పోయిస్తే చాలన్నాను. తలాడించింది. ఈ ఇంట్లో కనీసం ఆవిడకైనా తెలివి ఉంది.

జూలై 23, మంగళవారం

ఆసుపత్రి. సూది గుచ్చే నర్సు కొత్తది, రెండుసార్లు తప్పు గుచ్చింది. అత్తమ్మ కిమ్మనలేదు, నేనే అరిచాను. దారిలో కొబ్బరినీళ్ళు కావాలంది. డాక్టరు వద్దన్నాడు కదా అన్నాను. "ఒక్క గుక్క" అంది. ఇవ్వలేదు. నన్ను రాక్షసిని చూసినట్టు చూసింది. ఆవిడ మంచికోసమే కదా! పైగా ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇలాంటి మొండితనం ఎక్కడా చూడలేదు.

జూలై 27, శనివారం

ఈ రోజు నేను మనిషిని కొట్టనందుకు ఎవరైనా నాకు దండ వెయ్యాలి.

బజారు నుంచి వచ్చేసరికి దమ్రోంగ్ కారు కింద పడుకుని ఉన్నాడు. "నీకు శ్రమెందుకని ఇంజనాయిలు మార్చేశాను వదినా" అన్నాడు నవ్వుతూ. డబ్బా చూశాను. సున్నా, ఇరవై! నీళ్ళలా పల్చగా ఉండే ఆయిలు. నిన్నగాక మొన్న కంపెనీ నుంచి వచ్చిన బళ్ళలో పోసేది.

"ఇది ఎవరు పొయ్యమన్నారు?"

"మొన్న గుళ్ళో లాటరీ అంకెల కోసం కొవ్వొత్తి మైనం నీళ్ళలో కారిస్తే సున్నా తేలింది, పక్కనే ఇరవై. లాటరీకి కొందామంటే టికెట్టు దొరకలేదు. కొట్లో డబ్బా మీద అచ్చం అవే అంకెలు కనబడ్డాయి. చూడు వదినా, రాసిపెట్టి ఉంది!"

మైనం చూసి ఇంజనాయిలు కొనేవాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉంటాడా? ముసలి ఇంజను, లోపల అరిగిపోయి ఖాళీలు పడ్డాయి, దానికి చిక్కటి ఆయిలు కావాలి, ఇరవై-యాభై పొయ్యాలి, ఈ పల్చటిది సందుల్లోంచి దిగిపోయి నీలం పొగ కక్కుతుందని ఎన్నిసార్లు చెప్పాను! గోడకి చెప్పినా నయం. మొత్తం దింపేసి మళ్ళీ చిక్కటిది నేనే పోశాను. వాడు గుమ్మంలో కూర్చుని "అదృష్టాన్ని కాలవలో పోస్తున్నావు వదినా" అని ఏడుపు మొహం పెట్టాడు.

జూలై 30, మంగళవారం

రాసే ఓపిక లేదు. తిరిగొచ్చేటప్పుడు బంకులో ఎప్పటిలాగే అయిదొందల బాట్‌లకి కొట్టమని పెట్రోలు పోసే పుయ్‌కి చెప్పి ఐస్ కాఫీకి వెళ్ళాను. వచ్చి చూస్తే పెట్రోలు ముల్లు ఎప్పటికంటే పైకి లేచింది. ధర తగ్గిందేమో. ఈ నెలలో జరిగిన ఒకే ఒక్క మంచి.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున బండి ఒక పట్టాన అందుకోలేదు. వానకి తడిసి ఉంటుంది.

ఈ రోజు బంకులో ముల్లు మళ్ళీ బాగా లేచింది.

ఇంటికి రాగానే పొరుగింటి సేంగ్ మా రాతిరోలు ఎత్తుకుపోతూ కనబడింది. "మీ అత్తమ్మ ఇచ్చేసింది ఉరై, ఉంచుకోమంది" అంది. బొప్పాయి సలాడ్ దంచడానికి అత్తమ్మ పెళ్ళినాడు తెచ్చుకున్న రోలు! నన్ను ఒక్క మాట అడగొద్దా? వెళ్ళి అడిగితే "నేనిక దంచను కదా" అంది. మీరు దంచకపోతే నేను దంచనా? నేనీ ఇంట్లో మనిషిని కానా? మొన్న ఆవిడ పట్టు లుంగీ కూడా ఎవరికో ఇచ్చేసిందని తెలిసింది. ఇల్లు ఖాళీ చేసేదాకా ఊరుకోదులా ఉంది. దానధర్మాల పిచ్చి ఈ తల్లీకొడుకులకి బాగా పట్టింది.

ఆగస్టు 6, మంగళవారం

బండి దగ్గుతోంది. ఎర్రలైటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మెకానిక్ హెంగ్ బాబాయ్ కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి నెల కాలేదు. ఏం చేశాడో, ఏం చేశానని చెప్పాడో! ఫోను చేసి కడిగేశాను. "తీసుకురా అమ్మాయ్, చూస్తాను" అన్నాడు. ఎప్పుడు తీసుకెళ్ళను? నాకు ఖాళీ ఏదీ?

అత్తమ్మ కారులో "పాపం, ముసలిదైపోయింది. వదిలెయ్యరాదూ" అంది. కారు గురించి. నేను బతికుండగా ఆగనివ్వనన్నాను. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది.

ఆగస్టు 9, శుక్రవారం

ఆగింది.

సగం దారిలో, అటూ ఇటూ వరిపొలాలు తప్ప ఇంకేమీ లేనిచోట. ఒక్క కుదుపు, అంతే. కింద తారు మీద పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

ముందు ఒక మోటారుసైకిలు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. దిగినవాడు మా మొహం కూడా చూడకుండా కారు వెనక్కి వెళ్ళి నంబరు ప్లేటు ఫోటో తీసుకున్నాడు. పదహారో తారీఖు లాటరీ కదా, ఆగిపోయిన బండి నంబరు కలిసొస్తుందని! వాడి వెనకే ఇంకొకడు. వాడు "పెద్దావిడ వయసెంతమ్మా?" అని అడిగాడు. సాయం చెయ్యడానికి అనుకుని చెప్పాను. అది కూడా రాసుకున్నాడు. నా చెప్పు తీసేసరికి పారిపోయారు ఇద్దరూ. మనుషులా వీళ్ళు?

దమ్రోంగ్ కూరగాయల లోడుతో పిచిత్ వెళ్ళాడు, ఫోను తియ్యడు. బస్సు వచ్చింది కానీ అత్తమ్మ ఎక్కలేనంది. చివరికి మమ్మల్ని హెంగ్ బాబాయ్ బండి ఊళ్ళోకి లాక్కొచ్చేసరికి ఆసుపత్రిలో మా వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. ఫోను చేస్తే మళ్ళీ సోమవారం రమ్మన్నారు, ఈలోగా ఆయాసం వస్తే అత్యవసరానికి తీసుకురమ్మన్నారు.

"ఏం పర్లేదులే" అంది అత్తమ్మ. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో! నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంటే ఆవిడకి ప్రశాంతత.

ఆగస్టు 10, శనివారం

హెంగ్ బాబాయ్ ట్యాంకులోంచి గాజుసీసాలోకి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. ఊదా. పసుపు కలిసిన పాడు ఊదా. "సారా పోశావేంటమ్మాయ్! నీకు నేను నేర్పాలా?" అన్నాడు. నాకు! ఆ మాట నాకు!

నేరుగా దమ్రోంగ్ ఇంటికి వెళ్ళాను. వాడు అన్నం తింటున్నాడు. వాడి పెళ్ళాం, పిల్లలు, చుట్టుపక్కల వాళ్ళు, అందరూ వినేట్టు అడిగాను. మీ అమ్మని చంపుదామనుకున్నావా అన్నాను.

"ఆయిలు నేనే మార్చాను, ఒప్పుకున్నాను. పెట్రోలు నేను పొయ్యలేదు వదినా. అమ్మ మీద ఒట్టు."

"ఆ అమ్మ మీదేనా ఒట్టు? సిగ్గు లేదూ?"

వాడు కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. నటన.

అక్కణ్ణుంచి గుడికి వెళ్ళాను. ఆడదానితో ఒంటరిగా మాట్లాడకూడదని పక్కన ఒక ముసలాయన్ని కూర్చోబెట్టుకుని మరీ విన్నాడు మా ఆయన. నేను కింద చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, "స్వామీ, మీ తమ్ముడు దరిద్రుడు స్వామీ" అని చెప్పుకోవాలి. అంతా విని, "ఉపాసికా, శాంతించు" అన్నాడు. ఉపాసికట, గుడికొచ్చే ఏ భక్తురాలినో పిలిచినట్టు! ఇరవై ఏళ్ళు వాడి లుంగీలు ఉతికినదాన్ని! ముసలాయన కూడా తలాడించాడు. శాంతించానని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 11, ఆదివారం

అత్తమ్మకి ఊపిరి ఆడడం లేదు.

ఆగస్టు 12, సోమవారం

బతికింది. ముందు అది రాసుకోవాలి. బతికింది.

నిన్న పొద్దున మంచం మీద పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బాయి, పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రికి అంటే నా చెయ్యి పట్టుకుని "వద్దు ఉరై" అంది. ఆయాసంలో ఏదో అంటోందనుకున్నాను. దమ్రోంగ్‌నే పిలిచాను, ఇంకెవరున్నారు? పరుగున వచ్చాడు. క్యాబేజీ బుట్టలన్నీ రోడ్డు మీదకి గిరాటేసి తల్లిని బండిలో పడుకోబెట్టాడు. దారిలో ఎర్రలైట్లు అన్నీ దాటేశాడు.

ఈ రోజు అమ్మల పండగ. ఆసుపత్రి నిండా మల్లెపూల దండలు. మా స్వామి వచ్చాడు. భిక్షువు కన్నతల్లిని కూడా ముట్టుకోకూడదు కదా, మంచానికి అరగజం దూరంలో నిలబడ్డాడు. సూదులు గుచ్చిన చేతులు రెండూ ఎత్తి ఆవిడే కొడుక్కి దణ్ణం పెట్టింది. ఆయన చెయ్యి చాపలేదు. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుంటే కొంప మునిగిపోయేదా? నేనైతే పట్టుకునేదాన్ని. మల్లెదండ నేనే వేశాను.

ఆగస్టు 14, బుధవారం

హెంగ్ బాబాయ్ గొట్టాలన్నీ కొత్తవి వేశాడు, ట్యాంకు కడిగాడు. కారు తీసుకుని సరాసరి బంకుకే వెళ్ళాను. దమ్రోంగ్ కాకపోతే ఇక పుయ్యే. నిద్రమత్తులో తప్పు గొట్టం పెట్టి ఉంటుంది, తాడోపేడో తేల్చుకుందామని.

"ఏమే, కళ్ళు కనబడ్డం లేదా నీకు? నేను చెప్పేదేమిటి, నువ్వు పోసేదేమిటి?"

పుయ్ తెల్లబోయింది. "అక్కా, మీరు కాఫీకి వెళ్ళగానే పెద్దమ్మే కదా అద్దం దించి ఊదాది కొట్టమనేది! మా కోడలు మార్చమంది, నీతో చెప్పడం మరిచిపోయింది అంది. పెద్దావిడ మాట అనుమానిస్తామా? వారంలో రెండుసార్లూ అంతే. ఓ పట్టు లుంగీ కూడా ఇచ్చింది, వద్దంటే వినలేదు."

మేనేజరుని పిలుస్తానన్నాను. పిలవలేదు. కారులో కూర్చున్నాను. వెనక ఎవరో హారన్ కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను.

జోస్యం పిచ్చి అత్తమ్మకి కూడా పట్టిందన్నమాట! కొడుకు బుర్రలో పోసిన విషం! అంతే. ఇంకేముంటుంది? ఊదారంగు కలిసొస్తుందని చేసింది. ముసలితనం.

ఇంకేముంటుంది.

ఆగస్టు 15, గురువారం

అత్తమ్మని ఇంటికి తీసుకొచ్చాం. నేను అడగదలుచుకోలేదు. జావ ఇస్తూ అడిగేశాను.

"ఊదారంగు అంత కలిసొస్తుందని ఎవరు చెప్పారు మీకు?"

"రంగులకేం తెలుసు" అంది.

"మరి?"

"నువ్వే కదా చెప్పావు. రెండు మూడుసార్లు పోయిస్తే నడిరోడ్డు మీద ఆగుతుందని."

గిన్నె కింద పెట్టాను.

"బండి ఏం పాపం చేసింది?" అన్నాను.

అత్తమ్మ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక చెప్పింది. "పెద్దాడు నాకోసం గుండు కొట్టించుకున్నాడు. చిన్నాడు నాకోసం కారుకి కాగితం అంటించాడు. నువ్వు నాకోసం కోడి కుయ్యకముందే లేస్తావు, నర్సులతో పోట్లాడతావు. ఇంతమంది ఇంత చేస్తుంటే, అమ్మాయ్, నేను అలిసిపోయాను, ఆపండి అని ఏ నోటితో చెప్పను? చెప్తే వింటావా నువ్వు?"

"వినను."

"అందుకే. బండి ఆగిపోతే ఎవరి తప్పూ కాదు కదా."

ఒళ్ళు మండిపోయింది. ఇంత మోసమా? నా పక్కన కూర్చుని, నా కారులో, నా నోటి నుంచి విన్న మాటతోనే! దమ్రోంగ్‌ని వీధిలో నిలబెట్టి ఏడిపించాను ఈవిడ మూలంగా. పుయ్‌ని గుడ్డిదన్నాను. నా తెలివితేటలన్నీ ఇందుకా పనికొచ్చింది? ఎవరిచ్చారు ఈవిడకి ఆ హక్కు? అన్నీ అరిచేశాను. మొహం మీదే అరిచాను. మీరు పోతే మంగళవారం పొద్దున లేచి నేనెక్కడికి వెళ్ళాలి అని కూడా అరిచాను. అది ఎందుకు అన్నానో నాకు తెలియదు.

అత్తమ్మ చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది. ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, బాధతోనూ ఏడ్చాను, రెండూ ఉన్నాయి.

సాయంత్రం దమ్రోంగ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, "అన్నం తిన్నావా?" అన్నాను. "తిన్నాను వదినా" అన్నాడు. అమ్మ సంగతి చెప్పలేదు. వాడు తట్టుకోలేడు.

ఆగస్టు 16, శుక్రవారం

పొద్దున వెళ్దామా వద్దా అని అడగడానికి నాకు నోరు రాలేదు. కారు తీసి వాకిట్లో పెట్టాను, హారన్ కొట్టలేదు. లోపల కూర్చుని ఎదురుచూశాను. చాలాసేపటికి అత్తమ్మ కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీసింది. ఎక్కి కూర్చుంది, బండి తీశాను.

ట్యాంకు కడిగేశారు కాబట్టి అడుగున కాస్తే ఉంది. బంకు దగ్గర ఆపాను. ఈసారి కాఫీకి దిగలేదు. పుయ్ వచ్చి, బెరుగ్గా, "ఏది కొట్టమంటారు అక్కా?" అంది.

నేను చెప్పలేదు. స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. నాలుక కొనదాకా వచ్చింది, పళ్ళ మధ్య పట్టుకున్నాను. వెనక రెండు బళ్ళు చేరాయి.

అత్తమ్మ అద్దం దించింది.

"పసుపుది" అంది.

"ఎంత పెద్దమ్మా?"

ఫుల్ అనాలి. ఫుల్ అంటుందనుకున్నాను.

అత్తమ్మ నావైపు చూసింది. తర్వాత పుయ్‌వైపు తిరిగి, "సగం చాలు. అది అయ్యాక చూద్దాం" అంది.

సగం! ఎవరడిగారు సగం? అదేం లెక్క? ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పే మాటేనా అది? ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ మాత్రం "సగం కొట్టు పుయ్" అన్నాను, నా గొంతుతోనే అన్నాను.

సగం ట్యాంకు ఎంతకాలం వస్తుందో నాకు తెలుసు. మెల్లిగా తోలితే, బ్రేకులు తక్కువ వేస్తే, పై గేరులో ఉంచితే ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఈ రోజు ఆసుపత్రి దాకా నలభై దాటనివ్వలేదు. అత్తమ్మ నిద్రపోయింది. వెనక లారీవాడు దారి పొడుగునా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు, దాటిపోతూ కిటికీలోంచి తిట్టాడు కూడా. తిట్టుకోనీ వెధవని. ఇంకా మెల్లిగా తోలాను.